చెల్లించేది మనం సరే... పుచ్చుకునేవాడి మాటేంటి?

నా పర్సులో ఎప్పుడూ ఓ వెయ్యి రూపాయల దాకా నగదు ఉంటుంది. ఐదొందల నోటు ఒకటి, మిగతావన్నీ వందలూ, యాభైలూ, ఇరవైలూ, అడుగున కాసిని పది రూపాయల బిళ్ళలు. ఇది చూసి మా టీములో కుర్రాళ్ళకి మహా నవ్వు. "అన్నా, నువ్వింకా పర్సు వాడుతున్నావా?" అంటాడొకడు. ఏటీఎం మొహం చూసి ఏడాదిన్నర అయిందని ఇంకొకడు గొప్పగా చెప్పుకుంటాడు.

వాళ్ళని అనుకుని లాభం లేదు. నేనూ రోజుకి ఆరేడుసార్లు ఫోను తీసి స్కాన్ చేసేవాణ్ణే. కాబట్టి ఇది 'ఆ రోజులే వేరు' బాపతు ఏడుపు కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. నా గొడవల్లా ఒక్కటే. నగదా, కార్డా, ఫోనా అన్న వాదన మనం ఎప్పుడు మొదలుపెట్టినా చెల్లించేవాడి వైపు నుంచే మొదలుపెడతాం. మనకేది సుఖం, మనకెన్ని పాయింట్లు, మనకి చిల్లర బాధ తప్పిందా లేదా... ఇదే లెక్క. ఆ డబ్బు పుచ్చుకునేవాడికి దాని ఖర్చెంత, దానివల్ల వాడి నెత్తిన పడే ప్రమాదమేంటి అన్నది మన చర్చల్లోకి రానే రాదు. చిన్న మొత్తాల దగ్గర డబ్బు ఏ రూపంలో తీసుకోవాలో తేల్చే హక్కు పుచ్చుకునేవాడిదని నేనంటాను. ఎందుకో చెబుతాను.

ముందు కార్డుల సంగతి. 2000 తర్వాత హైదరాబాదులో ఉద్యోగంలో చేరినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చేరిన రోజే శాలరీ అకౌంటు ఫారం, దాని వెనకే ఏటీఎం కార్డు. ఆర్నెల్లు తిరక్కుండా క్రెడిట్ కార్డులు అమ్మే అబ్బాయిల ఫోన్లు, "లైఫ్‌టైమ్ ఫ్రీ సార్" అని. తీరా ఆ కార్డు పట్టుకెళ్ళి అమీర్‌పేటలో ఏ బట్టల కొట్లోనో ఇస్తే, కౌంటరు దగ్గరాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కార్డయితే రెండు శాతం ఎక్కువవుద్ది సార్" అనేవాడు. మనకి చిర్రెత్తుకొచ్చేది. దొంగ, మోసగాడు, బ్యాంకుకి కంప్లైంటు ఇస్తానుండు అని ఎగిరేవాళ్ళం.

ఆయన దొంగా కాదు, మోసగాడూ కాదు. ఆ రెండు శాతం నిజంగానే ఆయన జేబులోంచి పోయేది. మనం వెయ్యి రూపాయలకి కార్డు గీకితే ఆయన అకౌంటులో పడేది తొమ్మిదొందల ఎనభై చిల్లర. మిగతాది మనకి కార్డిచ్చిన బ్యాంకూ, ఆయనకి మెషీనిచ్చిన బ్యాంకూ, మధ్యలో వీసా, మాస్టర్‌కార్డు లాంటి నెట్‌వర్కూ పంచుకుంటాయి. ఎక్కువ వాటా మనకి కార్డిచ్చిన బ్యాంకుదే. మనకొచ్చే రివార్డు పాయింట్లూ, ఎయిర్‌పోర్టు లాంజిలో ఉచిత ఉప్మా ఆ వాటాలోంచే వస్తాయి. కొట్టువాడేం చేస్తాడు? ఆ రెండు శాతాన్ని అందరి ధరలోనూ కలిపేస్తాడు. అంటే మన వెనక లైన్లో నిలబడి నగదు ఇచ్చి చొక్కా కొనుక్కున్న ఆటోడ్రైవరు కూడా మన లాంజి ఉప్మాకి తన వంతు చందా వేసినట్టే.

ఇది నా ఊహ కాదు. 2010లో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు అమెరికా లెక్కలు తీశారు. నగదు వాడే సగటు కుటుంబం నుంచి ఏడాదికి 149 డాలర్లు కార్డులు వాడేవాళ్ళకి చేరుతున్నాయనీ, క్రెడిట్ కార్డు వాడే సగటు కుటుంబానికి 1,133 డాలర్లు అందుతున్నాయనీ తేల్చారు. నగదు వాడేవాళ్ళలో పేదలెక్కువ, కార్డు వాడేవాళ్ళలో డబ్బున్నవాళ్ళెక్కువ. కింది నుంచి పైకి పారే నీటిపారుదల పథకమన్నమాట.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది ఇంకో రకంగా తెలుసు. ఆన్‌సైటుకి వెళ్ళిన కొత్తల్లో చేతినిండా జీతం ఉన్నా, క్రెడిట్ హిస్టరీ లేదని కార్డు ఇవ్వరు. ముందు మన డబ్బే కొంత డిపాజిట్ చేస్తే, అంత మేరకే లిమిట్‌తో ఓ కార్డు ముష్టి వేస్తారు. ఆ ఆర్నెల్లూ నగదూ డెబిట్ కార్డే దిక్కు. ఇండియన్ గ్రాసరీ కొట్టులో 'పది డాలర్ల లోపు కార్డు తీసుకోం' అన్న బోర్డు చూసి విసుక్కున్నవాళ్ళు మీలో ఉండే ఉంటారు. 2010లో వచ్చిన చట్టం క్రెడిట్ కార్డుకి పది డాలర్ల దాకా కనీస మొత్తం పెట్టుకునే వీలు కొట్లవాళ్ళకిచ్చింది. కరివేపాకు కట్ట మీద కమిషనుకి ఆ కొట్టాయన ఏడవడం న్యాయమే.

సరే, మన దేశానికొద్దాం. ఇక్కడ కథ కార్డుల దగ్గర ఆగలేదు, కార్డుని దాటేసి ఒక్క దూకులో ఫోనులోకి దూకింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, యూపీఐ లాంటి పని మన తరం ఇంజనీర్లు గర్వంగా చెప్పుకోదగ్గది. 2016 ఏప్రిల్లో మొదలైంది. ఆ నవంబరులో పెద్దనోట్ల రద్దు దానికి తోపుడు ఇచ్చింది. 2020 జనవరి నుంచి యూపీఐకీ, రూపే డెబిట్ కార్డుకీ కొట్టువాడి దగ్గర కమిషను తీసేశారు. 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటాయి. ఇంత లోడు మీద ఇంత తక్కువ గొడవతో నడిచే సిస్టం కట్టడం ఎంత కష్టమో, ప్రొడక్షన్లో రాత్రి రెండింటికి పేజరు మోగి లేచినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సోడాబండి మీద కూడా క్యూఆర్ స్టిక్కరు, పక్కనే తెలుగులో మాట్లాడే డబ్బా. ఎవరైనా విదేశీయుడికి చూపిస్తే నోరు తెరుస్తాడు.

అయితే ఇంజనీర్లం కాబట్టే ఇంకో సంగతీ మనకి తెలిసుండాలి. పదిహేను రూపాయల టీకి స్కాన్ చేసినప్పుడు ఎంత తతంగం నడుస్తుందో చూడండి. మన యాప్, ఆ యాప్ వెనక బ్యాంకు, అక్కణ్ణుంచి ఎన్‌పీసీఐ స్విచ్చి, అక్కణ్ణుంచి మన అకౌంటున్న బ్యాంకు (డెబిట్), మళ్ళీ స్విచ్చి, టీకొట్టాయన బ్యాంకు (క్రెడిట్), జవాబు వెనక్కి. ఇదికాక ఆ మాట్లాడే డబ్బాకి దాని సిమ్ములోంచి వేరే కబురు. వీటిలో ఏ ఒక్కటి నిద్రపోయినా 'పెండింగ్'. మన అకౌంటులో కోత పడుతుంది, ఆయనకి చేరదు. కొట్టుకి చేసిన చెల్లింపు ఇలా మధ్యలో ఆగితే ఐదు రోజుల్లో సర్దెయ్యాలని 2019లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఐదు రోజులు! టీ ఐదు నిముషాల్లో తాగేస్తాం కదా. ఆ మధ్యలో ఉన్నదల్లా టీకొట్టాయన మంచితనం. నగదుకి ఈ బాధ లేదు. నోటు చేతులు మారిందా, కమిట్ అయిపోయింది. లాగులు చూసుకోనక్కర్లేదు, రోల్‌బ్యాకూ, రీకన్సిలియేషనూ లేవు. మన డేటాబేసు పుస్తకాల్లో చెప్పే అటామిక్ ట్రాన్సాక్షన్ ప్రపంచంలో ఎక్కడైనా ఉందంటే అది కూరగాయల బజార్లోనే ఉంది.

2025 మార్చి 26 సాయంత్రమూ, ఏప్రిల్ 12నా యూపీఐ దేశమంతా మొరాయించింది. కొన్ని గంటలే. మనకి అదో మీమ్. పెట్రోలు పోయించుకున్నాక తెలిసినవాళ్ళకి మాత్రం మీమ్ కాదు.

గంటల సంగతి అలా ఉంచండి, రోజుల సంగతి చూద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు మా పెద్దమ్మ వాళ్ళు అక్కడే ఉన్నారు. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, ఏటీఎంలు లేవు, రోజుల తరబడి. పాల ప్యాకెట్టుకీ, మంచినీళ్ళ క్యానుకీ, కొవ్వొత్తికీ నోటే దిక్కు. మా పెద్దమ్మ బీరువాలో చీరల మధ్య దాచిన డబ్బు ఆ వారం మూడు కుటుంబాలని నడిపింది. పదేళ్ళ తర్వాత 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. డాబాల మీద ఉన్నవాళ్ళకి ఫోను ఛార్జింగే లేకపోతే ఇక యూపీఐ ఎక్కడిది? ఏడాది పొడుగునా తుపాన్లని లెక్కపెట్టుకునే తీరం మనది. బ్యాకప్ లేకుండా సర్వరు పెట్టని మనం, డబ్బు దగ్గర మాత్రం బ్యాకప్పుని పాతచింతకాయ పచ్చడి అంటాం.

ఇప్పటిదాకా చెప్పినవి ఇబ్బందులు. ఇప్పుడు చెప్పబోయేది అంతకన్నా పెద్దది.

మా ఆఫీసు సందు చివర, మాదాపూర్లో, ఓ టిఫిను బండి ఉంది. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం. పొద్దున ఆరింటి నుంచి పదిన్నర దాకా ఇడ్లీ, మైసూరు బోండా, ఉల్లిదోసె. వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది ఐడీ కార్డు మెళ్ళో వేసుకున్నవాళ్ళే, అందరూ ఫోనే. ఓ రోజు ఆయన హోల్‌సేల్ కొట్టులో మినప్పప్పుకి డబ్బు కొడితే వెళ్ళలేదు. బ్యాంకుకెళ్తే "మీ అకౌంటు ఫ్రీజ్ అయింది, సైబర్ క్రైం" అన్నారు. ఏ ఊరి పోలీసులంటే వేరే రాష్ట్రంలో ఓ స్టేషను పేరు, ఓ నంబరు రాసిచ్చారు. ఆ నంబరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే హిందీ.

జరిగిందేంటంటే, ఎక్కడో ఎవరినో ఎవడో మోసం చేశాడు. బాధితుడు 1930కి ఫోను చేశాడు, మంచిపనే. పోలీసులు ఆ డబ్బు ఏ అకౌంటు నుంచి ఏ అకౌంటుకి వెళ్ళిందో వరుసగా పట్టుకుంటూ పోయారు, అదీ మంచిపనే. ఆ గొలుసులో ఐదోవాడో ఆరోవాడో మన బండి దగ్గర టిఫిను తిని 180 రూపాయలు కొట్టాడు. ఆ 180 రూపాయల కోసం ఈయన అకౌంటులో ఉన్న అరవై ఒక్క వేలూ ఆగిపోయాయి. అందులో పిల్ల కాలేజీ ఫీజు ఉంది. "నేనేం తప్పు చేశాన్సార్? వాడొచ్చాడు, ప్లేటిడ్లీ, దోసె పార్సిలు తీసుకున్నాడు, ఫోన్‌పే కొట్టాడు. ఆ డబ్బులు ఎక్కడివిరా అని అడగాల్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

ఇంగ్లీషులో మెయిళ్ళు నేను రాసిపెట్టాను. బండి ఫోటో, ఆధారు, మున్సిపాలిటీవాళ్ళిచ్చిన వీధివ్యాపారి కార్డు, ఆ రోజు స్టేట్‌మెంటు అన్నీ జతచేసి. ఒకటి కాదు, నాలుగు మెయిళ్ళు. ఇరవయ్యారు రోజులు పట్టింది. ఈలోపు ఆయన రోజూ సరుకు కొనాలిగా? గిరిగిరి ఫైనాన్సువాడి దగ్గర పదివేలు తెచ్చాడు. వాడు చేతికిచ్చింది ఎనిమిదిన్నరే, రోజుకి వంద చొప్పున కట్టాల్సింది మాత్రం పదివేలు. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? మోసం చేసినవాడు దొరికాడో లేదో మాకెవరికీ తెలీదు.

నాకు ఇదే శాలరీ అకౌంటుకి జరిగితే? బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజరుంటాడు, ఇంకో రెండు అకౌంట్లుంటాయి, క్రెడిట్ కార్డుంటుంది, ఆఫీసు లీగల్ టీములో తెలిసినాయన ఉంటాడు. ఆయనకి ఉన్నది ఒక్క అకౌంటు, ఒక్క ఫోను. పైగా రోజూ ముక్కూ మొహం తెలీని మూడొందల మంది నుంచి డబ్బు తీసుకునేది ఆయనే, నేను కాదు. నాకు డబ్బిచ్చేది నెలకోసారి ఒక్క కంపెనీ. అంటే ప్రమాదం ఎక్కువున్నవాడికే రక్షణ తక్కువ.

ఇది ఒక్క మాదాపూరు కథ కాదు. కేరళలో 2023 నాటికి ఇలా అకౌంట్లు స్తంభించినవాళ్ళు చాలామంది హైకోర్టుకెళ్ళారు. పోలీసులు అనుమానించిన మొత్తం ఎంతో అంతవరకే ఆపండి, మొత్తం అకౌంటుని బిగించెయ్యొద్దని కోర్టు బ్యాంకులకి చెప్పింది. మన బండాయన విషయంలో అలా చేసుంటే 180 రూపాయలు ఆగేవి, మిగతా డబ్బుతో ఆయన బతికేవాడు. కోడులో మార్చాల్సింది ఓ ఫ్లాగు బదులు ఓ అంకె. ఇంత చిన్న మార్పు ప్రతి బ్యాంకులోనూ ఎందుకు తప్పనిసరి కాకూడదు?

ఈ సంఘటన తర్వాత ఆయన బండి మీద క్యూఆర్ స్టిక్కరు పీకెయ్యలేదు. పీకేస్తే బేరం సగం పోతుంది. కానీ ఎవరైనా నోటు తీస్తే ఆయన మొహం వికసించడం నేను చూస్తున్నాను.

బెంగుళూరు వ్యవహారం మీరు వినే ఉంటారు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు పట్టుకుని వేలమంది చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు పంపింది. మర్నాటి నుంచి బేకరీలూ, టీకొట్లూ 'నో యూపీఐ, ఓన్లీ క్యాష్' అని కాగితాలు అంటించుకున్నాయి. ఇక్కడ నేను వ్యాపారుల వైపు పూర్తిగా లేను. పరిమితి దాటిన వ్యాపారం ఉంటే పన్ను కట్టాల్సిందే, నా జీతంలో పైసా వదలకుండా కోసుకుంటున్నారు కదా. కానీ పన్నే లేని పచ్చికూరగాయలమ్మేవాడికీ, పాలమ్మేవాడికీ కూడా కట్ట మొత్తం చూసి నోటీసు పంపితే అది పన్ను వసూలు కాదు, డేటా చేతికందింది కదా అని చేసిన పని. లాగు ఉన్నంత మాత్రాన అర్థం ఉన్నట్టు కాదని జూనియర్లకి మనం రోజూ చెప్పేదే.

"అయితే నల్లధనం సంగతో?" అని అడుగుతారని తెలుసు. ప్రతి చర్చలోనూ ఇదే బ్రహ్మాస్త్రం. 2016 నవంబరు 8 రాత్రి మొత్తం నోట్ల విలువలో 86 శాతం రద్దయింది. రిజర్వు బ్యాంకు 2018లో చెప్పిన లెక్క ప్రకారం 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకి తిరిగొచ్చేశాయి. అంటే 99.3 శాతం. ఆ నల్లడబ్బు నోట్ల రూపంలో పరుపు కింద కూర్చుని ఎదురుచూడలేదన్నమాట. అది స్థలాల్లో ఉంటుంది, బంగారంలో ఉంటుంది. పోనీ నోట్లు తగ్గాయా? రద్దుకి ముందు సుమారు 18 లక్షల కోట్లుంటే 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్లు దాటాయి. యూపీఐ ఇంత పెరిగినా నగదు పెరుగుతూనే ఉంది. జనం తెలివితక్కువవాళ్ళు కాదు. రోజువారీ ఖర్చుకి ఫోను, ధైర్యానికి నోటు అని వాళ్ళే పంచుకున్నారు.

ఆ ధైర్యం ఎక్కువ కావాల్సింది ఆడవాళ్ళకి. పోపుల డబ్బాలో డబ్బు దాచుకోవడం మీద మనం సినిమాల్లో జోకులేసుకున్నాం గానీ, మన అమ్మమ్మలకి ఉన్న ఏకైక ప్రైవేటు బ్యాంకు అదే. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి ఫోనుకీ మెసేజి పోదు. 2016లో ఆ డబ్బాలన్నీ ఒక్కసారిగా ఇంటిల్లిపాది ముందూ బోర్లా పడ్డాయి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ జీతం మొదట్లో ఫోనుకే పంపేవాళ్ళం. ఓ నెల మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, "అక్కా, చేతికియ్యి అక్కా. ఫోనుకేస్తే ఆ మెసేజి మా ఆయనకే పోతది, రాత్రికి సీసా తెచ్చుకుంటడు" అంది. అప్పణ్ణుంచి కవర్లో పెట్టి చేతికే ఇస్తున్నాం. ఇప్పుడు ఎవరైనా నా ముందు డిజిటల్ ఇండియా, మహిళా సాధికారత అని స్లయిడు చూపిస్తే నాకు ఆ కవరే గుర్తొస్తుంది. ఆవిడ పేరుమీద ఆవిడకే సొంత అకౌంటూ, సొంత ఫోనూ ఉంటే ఈ బాధ ఉండదుగా అంటారా? నిజమే. ఆ రోజు వచ్చేదాకా కవరు.

నగదు స్వర్గమని నేననడం లేదు. చిల్లర బాధ పడ్డ తరం మాది. ఆర్టీసీ కండక్టరు టిక్కెట్టు వెనక '7' అని రాసి సున్నా చుట్టి ఇస్తే, దిగేటప్పుడు ఆయన దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళి ఆ ఏడు రూపాయలూ వసూలు చేసుకోవడం ఓ సాహసం. సూపర్‌మార్కెట్లలో రూపాయికి చాక్లెట్టు అంటగట్టేవాళ్ళు, మనం అదే చాక్లెట్టు తిరిగిస్తే మాత్రం తీసుకునేవాళ్ళు కాదు. పది రూపాయల బిళ్ళ చెల్లదని ఎవడో పుట్టించిన పుకారు మన రెండు రాష్ట్రాల్లోనూ పాకిపోయి, పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయి నాయనా అని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇచ్చినా చాలా కొట్లు నమ్మలేదు. జేబుదొంగలు, చినిగిన నోట్లు, దొంగనోట్లు సరేసరి. నోట్లు అచ్చెయ్యడానికే 2024-25లో ఆరువేల కోట్లకి పైగా అయింది. అటుపక్క యూపీఐ కూడా ఉచితం కాదు, చిన్న కొట్లలో చెల్లింపులని ప్రోత్సహించడానికి 2024-25కి కేంద్రం 1,500 కోట్లు పక్కన పెట్టింది. ఏ రూపమైనా ఎవరో ఒకరు మొయ్యాల్సిందే.

ఖర్చు సంగతి మీకే తెలుసు కాబట్టి ఒక్క ముక్క. 2001లో ఎంఐటీలో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు విద్యార్థుల చేత ఆటల టిక్కెట్లకి వేలం పాడించారు. కార్డుతో కట్టాలన్నవాళ్ళు నగదు కట్టాలన్నవాళ్ళకంటే బాగా ఎక్కువ పాడారు. నోటు చెయ్యి దాటుతుంటే కలిగే ఆ చిన్న నొప్పి ప్లాస్టిక్కుకి లేదు. ఫోనుకి అసలే లేదు. నెలాఖరున స్టేట్‌మెంటు చూసుకుంటే తెలుస్తుంది.

ఇంతకీ ఏం చెయ్యమంటావు అంటారా? యూపీఐ మానెయ్యమని నేను చెప్పను, నేనే మానలేదు. కొట్టు దగ్గర ఫోను తీసేముందు "క్యాష్ కావాలా?" అని ఓ మాట అడగండి. జేబులో ఓ మూడు నాలుగొందలు చిల్లరగా ఉంచుకోండి. ఏటీఎంలో ఐదొందలు తప్ప రావడం లేదంటారు, నిజమే. పైగా ఉచిత పరిమితి దాటితే 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా కోత. నేను నెలకోసారి బ్యాంకుకే వెళ్ళి వందలూ, యాభైలూ తెచ్చుకుంటాను. క్యాషియరు విసుక్కుంటాడు, కానీ ఇస్తాడు.

చట్టం సంగతి మాత్రం మన చేతుల్లో లేదు. పెద్ద వ్యాపారాలు ఎలక్ట్రానిక్ చెల్లింపులు తీసుకోవాల్సిందే అని మన దేశంలో 2019లోనే నిబంధన తెచ్చారు. నగదు తీసుకోవాల్సిందే అని దానికి జోడీ నిబంధన ఒకటి రావాలి, ముఖ్యంగా ఆస్పత్రులకీ, మందుల షాపులకీ, తిండి దొరికే చోట్లకీ. ఇదేమీ వెనకబడ్డ దేశాల ఆలోచన కాదు. నగదు దాదాపు మర్చిపోయిన నార్వేలో 2024 అక్టోబరు నుంచి కొట్లలో నగదు చెల్లించే హక్కుని గట్టిపరిచారు. మనవాళ్ళు వేలల్లో ఉండే న్యూజెర్సీలో 2019లోనే నగదు నిరాకరించడం నిషేధం. స్వీడన్ ప్రభుత్వం 2024 నవంబరులో ఇంటింటికీ పంచిన చిన్న పుస్తకంలో, కనీసం వారానికి సరిపడా నగదు ఇంట్లో ఉంచుకోండి అని రాసింది. ఆ దేశంలో మా పెద్దమ్మ ఉంటే సలహాదారుగా పెట్టుకునేవాళ్ళు.

మా టెక్ పార్కు ఫుడ్‌కోర్టులో మూడేళ్ళుగా నగదు తీసుకోరు. రీఛార్జి కార్డో, ఫోనో ఉండాలి. అక్కడ బల్లలు తుడిచే అమ్మాయిలూ, గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళూ టీ తాగాలంటే రోడ్డు దాటి బయటికెళ్ళి రావాలి, వాళ్ళకిచ్చే విరామం పదిహేను నిముషాలు. ఒక్క కౌంటరులో నగదు తీసుకోండని నలభై మందిమి సంతకాలు పెట్టి ఫెసిలిటీస్ వాళ్ళకిచ్చాం. 'పరిశుభ్రత కారణాల దృష్ట్యా వీలుకాదు' అని జవాబొచ్చింది. అదే ఫుడ్‌కోర్టులో బల్లలు శుభ్రం చేసేది ఎవరో గుర్తుచేస్తూ పోయిన సోమవారం రెండో ఉత్తరం ఇచ్చాం. ఈసారి నూటపదకొండు సంతకాలు. ఏటీఎం మొహం చూడనివాడిది కూడా ఉంది.